పొగ లేవని కొండ

సర్ర్... సర్ర్... కొంచెం ఆగి, మళ్ళీ సర్ర్.

కొండ దారి మొదట్లోనే ఆగి విన్నాను. తూర్పు ఇంకా తెల్లబడలేదు, నలుపు మాత్రం పలచబడింది. టేకు చెట్లు ఆకులన్నీ రాల్చేసుకొని, ఎవరికో దారి చూపించి దించడం మరిచిన చేతుల్లా నిలబడి ఉన్నాయి. మృగాల నీళ్ళ తొట్టి చూడ్డానికి పోతూ, బడి సెలవని నన్నూ వెంటబెట్టుకొచ్చిన ఫారెస్టు బీట్ గార్డు నితేశ్ గేడామ్ నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఎలుగు, గురూజీ. చెదలకు వచ్చింది. కదలకుండ్రి."

ఎలుగుబంటి ఆకులు చిమ్మితే ఆ చిమ్మడంలో కోపం ఉంటుంది. ముక్కుతుంది, బుస కొడుతుంది, రాళ్ళను తిట్టినట్టు దొర్లిస్తుంది. ఈ చప్పుడులో కోపం లేదు. ఒక గీత గీసి, దాని పక్కనే ఇంకో గీత గీస్తున్నట్టు ఓపిక ఉంది. కాసేపటికి దగ్గు వినిపించింది. పొగాకు నమిలే మనిషి దగ్గు.

"మీ ఎలుగు పొగాకు కూడా నములుతుందా?" అన్నాను.

నితేశ్ సిగ్గుపడి చెయ్యి వదిలేశాడు.

చెట్ల మధ్య నుంచి ముందు ఒక వెదురు పుల్లల చీపురు బయటికి వచ్చింది. దాని వెనక ఒక వంగిన నడుం. ఆ తర్వాత తానాబాయి ఇర్పాచీ ముఖం. చీరను గోచి పోసి మోకాళ్ళ పైకి బిగించింది. ముంజేతుల మీద పచ్చబొట్లు దుమ్ము కింద దాక్కున్నాయి. వీపు మీద, విలుకాడి అమ్ములపొదిలా, ఇంకో చీపుర్ల కట్ట.

"ఐతారం గూడ పండుకోరా గురూజీ? ఇంట్ల బాయి ఎల్లగొట్టిందా?"

"నిన్ను ఎలుగుబంటి అనుకున్నాడు మన గార్డు."

"అనుకోనీ. ఎలుగైతే చెట్టుకు కెమెరా కట్టి ఫోటో తీస్తరు. నాకెవ్వరు కడ్తరు?"

అని మళ్ళీ వంగింది. ఎండుటాకులు ఆమె ముందు చిన్న అలలా లేచి పడుతూ చెట్టుకు దూరంగా వెళ్తున్నాయి. వెనక మిగిలిన నేల, అప్పుడే తల దువ్వుకున్న పిల్లలా శుభ్రంగా ఉంది.

ఆ ఇప్పచెట్టు తానాబాయిది కాదు. కోడాపే వాళ్ళది.

మా అడవి చిన్నది. పులులున్న అడవుల్లో ఇంతకంటే చిన్నది ఎక్కడైనా ఉందేమో నాకు తెలియదు. ఈ చివర కణితి దుప్పి అరిస్తే ఆ చివర మా ఆమ్‌దరీ ఊళ్ళో కుక్కలు చెవులు నిక్కిస్తాయి. చుట్టూ పత్తి చేలు, నారింజ తోటలు. తోటల చుట్టూ అడవిపందుల కోసం కట్టిన కరెంటు తీగలు. పెద్ద అడవిలో నిప్పు పడితే మృగం ఇంకో లోయలోకి వెళ్ళిపోతుంది. మా అడవికి ఇంకో లోయ లేదు. నేరేళ్ళ వాగు దాటితే పత్తి చేను. పత్తి చేను దాటితే తీగ.

ఆ వాగులో ఒక ఆడపులి కాపురం ఉంటుంది. ఊళ్ళో ఎవరూ ఆమెను పులి అనరు. పడమటింటామె అంటారు. పడమటింటామె దగ్గింది, పడమటింటామె నిన్న చెరువు కట్ట మీద కూర్చుంది, అని పక్కింటి ముసలమ్మ గురించి చెప్పినట్టే చెప్పుకుంటారు. ఈ ఏడు ఆమె పిల్లల్ని పెట్టిందని ఊరికి మాఘంలోనే తెలిసింది. వాగు ఒడ్డున కొండముచ్చులు చెట్లు దిగడం మానేశాయి. నెమళ్ళు వేరే దారిన నీళ్ళకు పోసాగాయి.

కొండ మీది ఇప్పచెట్లకు కంచెలు లేవు, గుర్తులు లేవు. అయినా ఏ చెట్టు ఏ ఇంటిదో పాలు తాగే పిల్లలకు తప్ప అందరికీ తెలుసు. చెట్టు కింద చీపురు పట్టే హక్కు ఇద్దరికే ఉంది. ఆ ఇంటి కోడలికి, ఆ ఇంటి ఆడపడుచుకు. పైవాళ్ళు ఎవరైనా ఒక దోసెడు పువ్వు ఏరుకుంటే, ఆకలేసింది కాబోలని ఊరుకుంటారు. చీపురు ఆడిస్తే మాత్రం ఊరుకోరు. ఊడవడమంటే చెట్టు నాదని చెప్పడమే.

హక్కు చీపురుదే గాని, పని మాత్రం చాలా ఏళ్ళుగా అగ్గిపుల్లది. ఇప్పచెట్టు పువ్వు రాల్చే ముందు ఆకు రాలుస్తుంది. మోకాటి లోతు ఆకుల్లో పడ్డ పువ్వు మళ్ళీ కనిపించదు. అందుకని అత్తలు కోడళ్ళకు నేర్పిన దారి ఒకటే. చెట్టు చుట్టూ ఒక వలయం గీసి, లోపలి ఆకుకు నిప్పు పెట్టి, ఆరిందాకా కూర్చుని, ఇంటికి రావడం. తెల్లారేసరికి నల్లని నేల మీద లేత పసుపు పువ్వులు మైనపు చుక్కల్లా మెరుస్తాయి. ఏరడం ఎంత సులువో.

కిందటేడు తానాబాయి కూడా అలాగే చేసింది. వలయం సరిగానే గీసింది. ఆరిందాకా కూర్చుంది. నీళ్ళు కూడా చల్లింది. కాని వలయం లోపల పడున్న ఒక పాత దుంగ కడుపులో నిప్పు నిద్రపోయిందని ఆమెకు తెలియలేదు. మర్నాడు మధ్యాహ్నం గాలి లేచింది. దుంగ నోరు తెరిచింది. సాయంత్రానికి కొండ సగం ఎర్రగా, సగం నల్లగా ఉంది.

ఊరంతా పచ్చి కొమ్మలతో పరుగెత్తింది. అందరికంటే ముందు తానాబాయే. మంట చల్లారాక ఆమె వాగు ఇసుకలో కూర్చుని ఉంటే చూశాను. ఆమె ముందు ఒక తీతువు పిట్ట, గుడ్ల మీదే కూర్చుని ఉంది. లేచి ఎగిరిపోవాల్సింది, లేవలేదు. ముట్టుకుంటే రాలిపోయేంత నల్లగా ఉంది. తానాబాయి ఏడవలేదు. ఆ పిట్ట వైపే చూస్తూ, కాలిన తన చీర అంచును కొంచెం కొంచెంగా చింపుతూ కూర్చుంది.

దుప్పులు చెదిరిపోయాయి. తినడానికేమీ లేక పడమటింటామె నెల తిరక్కుండానే పత్తి చేలలోకి దిగింది. తీగ దాకా వచ్చి, తీగను తాకకుండా వెనక్కి తిరిగి, డోమాజీ కోవే కొట్టంలో కట్టేసిన తెల్ల దూడను ఎత్తుకుపోయింది.

రేంజర్ సాహెబు ఊరందరినీ బడి ముందు కూర్చోబెట్టి, గొంతు పెంచకుండా చెప్పాడు. "వచ్చే ఏడు కొండ మీద ఒక్క పొగ లేచినా ఆమ్‌దరీకి అడవి గేటు మూత. పువ్వుకు, తునికాకుకు, కట్టెకు, దేనికీ రానివ్వను." ఆయన అరిచి ఉంటే బాగుండేది. అరిచినవాళ్ళు తర్వాత మర్చిపోతారు.

ఆడవాళ్ళ వరసలోంచి తానాబాయి లేచింది. భర్త పోయిన తర్వాత ఆ ఇంటికి పెద్దా చిన్నా ఆమే. ఒక్క కొడుకు ఊరికి దూరంగా పత్తి మిల్లులో పని చేస్తాడు.

"వచ్చే ఏడు పొగ లేవదు సాహెబ్."

"ఎవరు జామీను?"

"తగలవెట్టింది నేను. జామీను ఇంకెవ్వరుంటరు?"

ఆ మాట అన్నప్పుడు ఆమె దగ్గర ఏ ఉపాయమూ లేదు. తర్వాత నాతో అంది, మాట ముందు బయటికొచ్చేసిందని, కాళ్ళు దాని వెనక పరుగెత్తక తప్పలేదని.

ఫాల్గుణంలో ఆమె ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టింది. ప్రతి గడప ముందూ ఒకటే మాట.

"అన్నా, నాకు చీపురియ్యి."

ఇంటిపెద్ద తన చేత్తో చీపురు ఇచ్చాడంటే ఆమె ఆ ఇంటి ఆడపడుచు అయినట్టు. మా దగ్గర అది నవ్వులాట కాదు. ఆడపడుచుకు పండక్కి చీర పెట్టాలి. మొదటి రోజు రాలిన పువ్వంతా ఆమెకే పంపాలి. చావుకీ పెళ్ళికీ ముందు ఆమెకే కబురు చెయ్యాలి. కోడాపే ముసలాయన అరుగు మీద కూర్చుని చాలాసేపు గడ్డం గీరుకున్నాడు.

"ఈ వయసుల నాకు చెల్లెనా? చీర పెట్టాలె మళ్ళ."

"పెడితే కట్టుకుంట. పెట్టకుంటే తిట్టుకుంట."

"మొదటి పువ్వో?"

"పువ్వు నాకొద్దన్న. పువ్వు నీది. ఆకు నాది."

ముసలాయన నవ్వాడు. నవ్వుతూనే లోపలికి వెళ్ళి చీపురు తెచ్చి రెండు చేతులతో ఇచ్చాడు. అలా ఒక్కో ఇల్లు. కొందరు నవ్వి ఇచ్చారు, కొందరు గొణిగి ఇచ్చారు, ఒకామె అరిగిపోయిన మొండి చీపురు ఇచ్చింది. దాన్నీ తీసుకుంది. అవన్నీ కట్టగట్టి వీపున వేసుకుని, చీకటి ఉండగానే కొండెక్కేది. కోడాపే వాళ్ళ చెట్టు కింద కోడాపే వాళ్ళ చీపురు, సలామ్ వాళ్ళ చెట్టు కింద సలామ్ వాళ్ళ చీపురు. ఏ చీపురూ ఇంకో చెట్టుకు ముట్టించలేదు. ఒక ఇంటి ఆకు ఇంకో ఇంటి ఆకులో కలవనివ్వలేదు.

ఇవ్వని ఇల్లు ఒక్కటే. డోమాజీ కోవే ఇల్లు.

ఆ ఇంటి చెట్లే అన్నిటికంటే ముఖ్యమైనవి. కొండ చివర, నేరేళ్ళ వాగు మీదికి వంగి నిలబడ్డ నాలుగు చెట్లు. అక్కడ రాలిన ఆకు గాలికి జారి నేరుగా వాగులోకి పడుతుంది. ఆ వాగులోనే పడమటింటామె, ఆమె పిల్లలూ.

నేను ఆరోజు డోమాజీ ఇంట్లోనే ఉన్నాను, అతని చిన్నది బడికి రావడం లేదని అడగడానికి. తానాబాయి వచ్చి గడప బయటే కూర్చుంది. డోమాజీ తాడు పేనుతూ తలెత్తలేదు. అతని భార్య పంచఫులా జొన్న పిండి జల్లెడ పడుతూ ముందుగా అందుకుంది.

"నాకెరుకే. నువ్వు మా ఆయనకు చెల్లెవైతే రేపు నీ కొడుక్కి నా బిడ్డనియ్యాలె. మేనరికం గదా. గందుకే ఈ చీపురు నాటకం."

"నీ బిడ్డకు నీ నోరే వచ్చింది పంచఫులా. నా కొడుకు చెవులు నాకు కావాలె."

పంచఫులా పెదవి కొరికి నవ్వు ఆపుకుంది. డోమాజీకి నవ్వు రాలేదు.

"నా తెల్లదూడను తిన్నది నీ పడమటింటామె. దాని ఇంటికి నేను కావలి కాయాల్నా?"

"దాని ఇల్లు తగలవెట్టింది నేను. తిట్టేదుంటే నన్ను తిట్టు అన్నా."

"తిట్టుడేంది. మా అయ్య కాల్చిండు, మా తాత కాల్చిండు. అగ్గిని ఎట్ల పట్టాల్నో మాకెరుక."

"నాకూ ఎరుకనే అనుకున్న."

ఆ మాటకు పంచఫులా జల్లెడ పక్కన పెట్టింది.

"రాలిన పువ్వు పట్టనీకి వలలిచ్చిండ్రు గద ఆఫీసోళ్ళు, అవన్న చెట్ల కింద పరువు," అంది తానాబాయి.

"వల కోళ్ళకు కట్టిన," అన్నాడు డోమాజీ. "చీపురియ్య. నువ్వు నాకు చెల్లెవు గావు. నా చెట్టు కింద చీపురు ఆడిస్తే ఊరంతటికీ చెప్త, దొంగవని."

తానాబాయి లేచి చీర దులుపుకుంది. "ఆడియ్య," అంది. అంతే అంది.

చైత్రం వచ్చింది. ఒకనాడు తెల్లవారుజామున కొండంతా ఒక్కసారి తియ్యటి వాసన వేసింది. పులిసిన బెల్లంలాంటి, పసిపిల్ల నోటిలాంటి వాసన. పువ్వు రాలడం మొదలైంది.

డోమాజీ గంపా, అగ్గిపెట్టే పట్టుకుని కొండ చివరికి వెళ్ళేసరికి అతని మొదటి చెట్టు కింద, ఆకుల్లో, నడుం దాకా మునిగి తానాబాయి కూర్చుని ఉంది. చేతిలో చీపురు లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, బస్సు కోసం కూర్చున్నట్టు కూర్చుంది.

"లే."

"మోకాళ్ళు పట్టుకున్నయన్నా. లేస్తలేవు."

"అగ్గి పెడ్త."

"పెట్టు. నేను చీపురైతే ఆడియ్యలే గద."

డోమాజీ గంప కింద పెట్టాడు. దూరంగా రాయి మీద కూర్చుని బీడీ తీశాడు.

"బీడీ గూడ వద్దన్నా. ఆకు చూడు ఎట్లున్నదో."

బీడీ జేబులో పెట్టుకున్నాడు. ఎండెక్కిందాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు. అతని పువ్వు అతని ఆకుల్లో పడి మాయమైంది. మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే.

తానాబాయి చెట్లు కొండకు ఈవలి పక్కన ఉన్నాయి. ఎప్పుడో ఊడ్చి పెట్టుకున్న నేల. నేను పనిగట్టుకుని వెళ్ళి చూశాను. ఆమె ఇంటి చీపురు చెట్టుకు ఆనించి ఉంది. దాని చుట్టూ పువ్వు పరుచుకుని ఉంది, ఎవరూ తొక్కని వెలుగులా. ఆ వెలుగులోకి చుక్కల దుప్పులు వచ్చాయి. మొదట ఒకటి, భయం భయంగా. తర్వాత పిల్లలతో సహా. తలలు వంచి పువ్వు మేస్తుంటే వాటి పెదాల చప్పుడు, చిన్న వానలా వినిపించింది. పైన కొమ్మల్లో కొండముచ్చులు సగం తిని సగం కింద పడేస్తున్నాయి. చూడ్డానికి అందంగానే ఉంది గాని, ఆ పువ్వు తానాబాయికి వానాకాలం. జొన్నలు, నూనె, ఉప్పు, ఇంటి మీద కొత్త పెంకు, అన్నీ ఆ పువ్వులోంచే రావాలి.

సాయంత్రం ఆమెతో అన్నాను. "నీ పువ్వంతా పోతోంది తానాబాయీ."

"పోనీ గురూజీ. పోయినేడు దుప్పులకు బూడిద పెట్టిన. ఈ యేడు పువ్వు తిననీ."

"వానాకాలం ఏం తింటావు?"

"వాన రానీ, అప్పుడు చూస్త. ఇప్పుడైతే ఎండకాలం."

డోమాజీ ఓపిక నశించిన రోజు నేనూ నితేశూ అక్కడే ఉన్నాం. గాలి కొంచెం లేచింది. తానాబాయి మొదటి చెట్టు కింద కూర్చుని ఉంటే, డోమాజీ చప్పుడు చెయ్యకుండా నాలుగో చెట్టు దగ్గరికి నడిచాడు. ఆమె లేచి పరుగెత్తి నాలుగో చెట్టు కింద కూర్చుంది. అతను రెండో చెట్టుకు వెళ్ళాడు. ఆమె రెండో చెట్టుకు వెళ్ళింది. నెరిసిన తలలతో ఇద్దరూ నాలుగు స్తంభాలాట ఆడుతున్నట్టుంది. నితేశ్ కలగజేసుకోబోతే తానాబాయి చెయ్యి చూపించి ఆపింది. గార్డు అడ్డం పడితే కేసవుతుంది, కేసయితే గేటు మూస్తారు. అది అన్నాచెల్లెళ్ళ తగవుగానే ఉండాలని ఆమె పట్టు.

మూడో చెట్టు దగ్గర డోమాజీ అగ్గిపుల్ల గీశాడు. ఆమె అందుకుంది. ఊదలేదు, కొట్టలేదు. ఆ చిన్న మంట మీద అరచెయ్యి పెట్టి, మూత పెట్టినట్టు మూసేసింది.

"ఏం మనిషివే నువ్వు," అని డోమాజీ అరిచాడు.

అప్పుడు వాగులోంచి కణితి అరిచింది. ఒక్కసారే, గుండెలో గంట కొట్టినట్టు. ఆ వెంటనే కొండముచ్చు ఖక్కుమంది. పడమటింటామె లేచిందన్నమాట. మేం నలుగురం ఉన్నచోటే బిగుసుకుపోయాం. కాసేపటికి డోమాజీ మళ్ళీ తిట్టడం మొదలుపెట్టాడు గాని, గొంతు తగ్గించి, గుసగుసగా.

"నీకు సిగ్గులేదా?"

"లేదన్నా," అంది తానాబాయి కూడా గుసగుసగానే.

"మా అయ్య చెట్లివి."

"కావన్నానా? మెల్లగ మాట్లాడు. పిల్లలున్నయి ఆడ."

లోపలి గదిలో ఎవరో బాలింత పడుకుని ఉన్నట్టు, ఆ ఇద్దరూ పెదాలతోనే పోట్లాడుకున్నారు.

ఆ గుసగుసల మధ్య మాకు ఇంకో చప్పుడు వినిపించింది.

సర్ర్... సర్ర్...

కొండకు ఈవలి పక్క నుంచి. తానాబాయి ఇక్కడే, మా ఎదుటే, అరచెయ్యి చీరలో అదిమి పట్టుకుని ఉంది. మరి ఊడుస్తున్నదెవరు? డోమాజీ నా ముఖం చూశాడు, నేను నితేశ్ ముఖం చూశాను. అందరం అటు నడిచాం.

తానాబాయి చెట్టు కింద పంచఫులా. చెంగు నడుముకు చుట్టి, ఒక చేత్తో దుప్పుల్ని అదిలిస్తూ, ఇంకో చేత్తో నిన్నటి వాడిన పువ్వునూ కొత్తగా రాలిన ఆకునూ పక్కకు ఊడుస్తోంది. ఈ రోజు పువ్వు అప్పటికే గంప నిండింది. మమ్మల్ని చూసి ఆగలేదు.

"ఏం చేస్తున్నవే?" అన్నాడు డోమాజీ. గుసగుస ఇంకా వదల్లేదు.

"చూస్తలేవా? ఊడుస్తున్న."

"ఎవరిచ్చిండ్రు నీకు చీపురు?"

"చెట్టుకు ఆనిచ్చి ఉండె. చెట్టే ఇచ్చిందనుకున్న." అప్పుడు నడుం ఎత్తి, మొగుడి వైపు కాకుండా తానాబాయి వైపు తిరిగింది. "రోజూ నా చెట్టు కింద... నా మొగని చెట్టు కింద నువ్వు కూసుంటవు. రోజూ నీ పువ్వును దుప్పులు తింటయి. కండ్లున్నయి గద నాకు, ఎన్నొద్దులు చూడాలె? ఇగ నువ్వే చెప్పు. నేను దొంగనా, ఆడపడుచునా?"

తానాబాయి గంప దగ్గరికి వెళ్ళి, వంగి, కాలని చేత్తో దోసెడు పువ్వు తీసి పంచఫులా ఒడిలో పోసింది. మళ్ళీ దోసెడు. మళ్ళీ దోసెడు. ఆడపడుచు కట్నం పోసేటప్పుడు ఎలా పోస్తారో అలాగే, ఒక్క పువ్వు కింద పడకుండా.

పంచఫులా ఒడి కట్టుకుని మొగుడి ముందు నిలబడింది.

"నేను ఇర్పాచీ ఇంటి ఆడపడుచునైన. మరి ఆమె నీకేమైతదో నువ్వు చెప్పు. చెప్పకుంటే నేను ఈడికెల్లి నా పుట్టింటికి పోత. దగ్గర్నే ఉన్నది ఇప్పుడు."

డోమాజీ చేతిలో అగ్గిపెట్టె తప్ప ఇంకేమీ లేదు. దాన్ని చాలాసేపు చూసుకున్నాడు. తర్వాత జేబులో వేసుకుని వెదురు పొద దగ్గరికి వెళ్ళి పుల్లలు విరిచాడు. మోదుగ వేరు లాగి, నార చీల్చి, పుల్లల్ని చుట్టి బిగించాడు. తాడు పేనే చేతులు గదా, తొందరగానే అయింది. ఆ చీపురు తెచ్చి, ముఖం పక్కకు తిప్పుకుని, రెండు చేతులతో తానాబాయికి అందించాడు.

"గట్టిగ లేదిది. రెండొద్దులు గూడ రాదు."

"రానియ్యి," అంది తానాబాయి. "నేను గట్టిగున్న."

"చెయ్యి కాలింది గద?"

"చెల్లె చెయ్యి గద. నీ ఇంటికొచ్చి చూపిస్త, నూనె రాయి."

పంచఫులా పకపకా నవ్వింది. "ఇద్దరం ఒకరికొకరం ఆడపడుచులమైనం. ఇగ ఆమ్‌దరీల ఎవ్వరికి నిద్రుండది."

ఆ మధ్యాహ్నం దాకా కొండ చివర ముగ్గురూ ఊడ్చారు. తానాబాయి ఎడమ చేత్తో ఊడ్చింది. నితేశ్ టోపీ తీసి ఆకులు ఎత్తాడు. వాగులోకి ఒక్క ఆకు జారనివ్వకుండా, ఎగువకు లాగి, రాళ్ళ మధ్య గుంటలో పోసి తొక్కారు.

ఆ ఏడు కొండ మీద పొగ లేవలేదు.

కింద నుంచి చూస్తే కొండ నిండా ఊడ్చిన వలయాలు. ఎవరో పెద్దావిడ వాకిలి ఊడ్చి, ముగ్గు వెయ్యడానికి పిండి తెచ్చుకోవడానికి లోపలికి వెళ్ళినట్టు కనిపించేది. ముగ్గు వేసిందెవరో తర్వాత తెలిసింది. ఒకనాడు తెల్లవారుజామున డోమాజీ నన్ను పిలుచుకెళ్ళి చూపించాడు. అతని రెండో చెట్టు కింద, మెత్తటి మట్టి మీద, పెద్ద అడుగులు. వాటి చుట్టూ, ముందుకూ వెనక్కూ, అడ్డదిడ్డంగా, మా బడి మొదటి తరగతి పిల్లల రాతలాగా చిన్న అడుగులు. రాలిన పువ్వుల మధ్య నుంచి వచ్చి, ఒక పువ్వును కాలితో దొర్లించి ఆడుకుని, మళ్ళీ వాగులోకి.

డోమాజీ పువ్వు ఏరాడు. అడుగుల మీద అడుగు పడకుండా, చుట్టూ తిరిగి, వంగి వంగి ఏరాడు. పెద్ద అడుగులో పడ్డ పువ్వును మాత్రం తీయలేదు.

"నా దూడనే నడుస్తున్నది గురూజీ," అన్నాడు. "దాని కాళ్ళల్ల."

తానాబాయి పువ్వు చాలావరకు దుప్పులే తిన్నాయి. మిగిలింది కొంచెమే. కాని చీపురిచ్చిన ఇళ్ళన్నీ, ఆమె ఎంత వద్దన్నా, ఆడపడుచు పువ్వు తెచ్చి ఆమె వాకిట్లో పోశాయి. మొండి చీపురిచ్చినామె అందరికంటే ఎక్కువ పోసింది. కోడాపే ముసలాయన చీర కూడా తెచ్చాడు. ఆమె కట్టుకుని, రంగు బాగాలేదని తిట్టింది.

ఆ జ్యేష్ఠంలోనే నాకు బదిలీ వచ్చింది. తొలి మబ్బులు కొండ మీద చెయ్యి వేసిన రోజున సామాను బండికెక్కించి, తానాబాయి దగ్గరికి చెప్పిపోవడానికి వెళ్ళాను. అడవి గేటు తెరిచే ఉంది. ఆమె గేటు పక్కనే కూర్చుని వెదురు పుల్లలు చీలుస్తోంది. అరచేతిలో మచ్చ, ఎండిన ఇప్పపువ్వంత, గోధుమ రంగులో ఉంది. పక్కన కొత్త చీపుర్ల కట్ట.

"కొండ గట్టెక్కింది. వానలు వచ్చేస్తున్నాయి. ఇంక కొన్నాళ్ళు కూర్చోవచ్చుగా?" అన్నాను.

ఆమె చీల్చిన పుల్లతో తూర్పు వైపు చూపించింది. అడవి అవతలి అంచు, పక్క ఊరి కొండ. దాని నడుం మీద కిందటి నెల కాలిన మచ్చ, ఇంకా నల్లగా.

"గది గూడ మన అడవే గద గురూజీ. ఆ ఊళ్ళె నాకింకా అన్నలు లేరు. పోయి అడుక్కోవాలె."